‘ఠ’లో చుక్క నిలవాలి: నల్లగొండలో పాత పుస్తకాల డిజిటైజేషన్, పరికరాల ఎంపిక డైరీ

జనవరి, మొదటి వారం

కెమెరా మాట తర్వాత. ఈ వారం చేతిలో ఉన్నవి రెండే: ఒక దర్జీ టేపు, పదింతలు పెద్దగా చూపించే గీతల భూతద్దం. అల్మారాల్లో ఉన్న సరుకును నాలుగు రకాలుగా విడదీశాం. 1950కి ముందు అచ్చయిన తెలుగు పుస్తకాలు ఎక్కువ. వాటిలో చాలావరకు డెమ్మీ ఎనిమిదో వంతు సైజు, అంటే పేజీ 8.5 × 5.5 అంగుళాలు. తర్వాత బైండు చేసిన పత్రికల సంపుటాలు. పెద్దది 22 × 15 అంగుళాలు. ఆపైన 1948 దాకా సర్కారు భాషగా నడిచిన ఉర్దూలో రాసిన రిజిస్టర్లు. చివరగా పాలమూరు వైపు నుంచి వచ్చిన తాటాకు కట్టలు. ఆకు 42 సెం.మీ. పొడవు, మూడున్నర సెం.మీ. వెడల్పు.

అన్నిటికన్నా బలహీనమైనవి తాటాకులేమో అనుకుంటారు చూసినవాళ్లు. కాదు, పత్రికల సంపుటాలు. 1922లో ఈ ఊరి నుంచే నీలగిరి పత్రిక వెలువడింది, 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో హైదరాబాదులో గోలకొండ పత్రిక మొదలైంది. ఆ తరం వార్తాకాగితం చెక్కను మరపట్టి చేసిన గుజ్జు. అందులో మిగిలిన లిగ్నిన్ (చెక్కలో ఉండే పదార్థం), సిరా పాకకుండా వేసే పటిక కలిపిన సైజింగ్ కాలక్రమంలో కాగితాన్ని ఆమ్లంగా మార్చి లోపలి పీచును తెంపేస్తాయి. మూల పట్టుకుని తిప్పితే మూల చేతికి వస్తుంది. ఎంత పెళుసో తెలుసుకోవడానికి మూల మడిచి చూసే పాత పద్ధతి ఉంది, దాన్ని ఇక్కడ వాడలేదు. ఆ పరీక్షతోనే ఒక ముక్క పోతుంది. కాగితం కింద అట్టముక్క జొనిపి లేపినప్పుడు వంగుతుందా, బిర్రుగా నిలుస్తుందా అని చూస్తే సరిపోతుంది.

భూతద్దం పని వేరు. తెలుగు అచ్చులో ‘ర’కు, ‘ఠ’కు తేడా నడిమి చుక్క ఒక్కటే. ‘ధ’కు, ‘థ’కు కూడా అంతే. చుక్క పోతే ‘మఠం’ ‘మరం’ అవుతుంది, ‘కథ’ ‘కధ’ అవుతుంది. చిన్న టైపులో ఉన్న అధోజ్ఞాపికల్లో ఆ చుక్కను కొలిస్తే అడ్డంగా 0.3 మి.మీ. వచ్చింది. అర్ధానుస్వారం, వత్తుల కింది సన్నగీతలు కూడా ఇంచుమించు అంతే. ఇక పరికరం ఏదైనా దాన్ని పరీక్షించేది ఈ చుక్క మీదే.

లెక్క సులువు. 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) దగ్గర 0.3 మి.మీ. చుక్కకు మూడున్నర పిక్సెళ్లు దొరుకుతాయి. 400 దగ్గర 4.7, 500 దగ్గర దాదాపు ఆరు. పుస్తకాలకు 300 నుంచి 400 పీపీఐ అని అమెరికా ఫెడరల్ సంస్థల ఫాడ్జీ మార్గదర్శకాలు చెప్తాయి. అది లెన్సు, ఫోకసు సరిగా ఉన్నప్పటి మాట. సెన్సార్ మీది పిక్సెళ్ల లెక్క పేరుకు మాత్రమే. నిజంగా చేతికి వచ్చే వివరం అందులో 80 శాతం ఉంటే మంచి సెటప్పు అన్నట్టు. అందుకని పుస్తకాలకు 500 పీపీఐ లెక్క కట్టాం, 400 చేతికి వస్తుంది. పత్రికలకు అక్షరం కాస్త పెద్దది, వాటికి 300 కన్నా తగ్గొద్దని గీత గీశాం. తాటాకుకు 600.

ఇంకో నిర్ణయం కూడా ఈ వారంలోనే: మూల ఫైలు రంగులోనే ఉండాలి. చాలా పాత తెలుగు పుస్తకాలు నలుపు తెలుపుల్లో మాత్రమే స్కాన్ అయి తిరుగుతున్నాయి. అవతలి పేజీ సిరా కనిపించే పల్చటి కాగితాన్ని నలుపా తెలుపా అని రెండుగా తేల్చేటప్పుడు, మచ్చను పోగొట్టాలని ఆ రెండిటి మధ్య గీతను నలుపు వైపు జరిపితే ‘ఠ’లో చుక్క కూడా పోతుంది. తెలుపు వైపు జరిపితే చుక్క సున్న లోపల నిండిపోయి మసిబొట్టు అవుతుంది. ఒకసారి అలా పోయినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

జనవరి, మూడో వారం: కొననివి

మామూలు ఫ్లాట్‌బెడ్ స్కానర్ మొదటే పక్కకు పోయింది. పుస్తకాన్ని బోర్లించి అద్దం మీద నొక్కాలి, కుట్టు తెగుతుంది. తెగకపోయినా నడుమ వీపు దగ్గర కాగితం అద్దానికి ఆనదు. సెన్సారు అద్దం కిందే ఆనుకుని ఉండే సన్నటి సీఐఎస్ రకం స్కానర్లలో అద్దానికి అర మిల్లీమీటరు పైకి లేచినా అక్షరం మసకేస్తుంది. లెన్సు ద్వారా చూసే సీసీడీ రకం అంతకన్నా లోతు చూస్తుంది కాబట్టి ఒక ఏ3 సీసీడీ స్కానర్‌ను విడి కరపత్రాలకు, గట్టి ఫోటోలకు మాత్రం ఉంచుకున్నాం.

పైనుంచి చూసే రెడీమేడ్ బుక్ స్కానర్లు చూశాం. పుస్తకాన్ని బల్ల మీద 180 డిగ్రీలు తెరిచి పెట్టాలి, పేజీ వంపును సాఫ్ట్‌వేరు సాగదీసి సరిచేస్తుంది. సాగదీసిన చోట లేని పిక్సెళ్లను అది ఊహించి నింపుతుంది. మనకు చుక్క ముఖ్యం కాబట్టి ఆ ఊహ పనికిరాదు. పైగా కెమెరాకు దూరంగా ఉన్న అంచులో పీపీఐ బాగా పడిపోతుంది. ఆఫీసు కాగితాలకు అవి మంచివే.

ఫోను సంగతీ అడిగారు. ఫోను ప్రతి ఫోటోకు తనంతట తాను పదును పెంచుతుంది, వెలుగు నీడలు కలుపుతుంది, పసుపు కాగితాన్ని తెల్లగా చేస్తుంది. ఒక పేజీకి చేసింది మరో పేజీకి చేయదు. చదువుకోవడానికి చాలు, మూల ప్రతికి చాలదు.

మిగిలింది: కెమెరా, స్థిరమైన స్తంభం, పుస్తకాన్ని సగం మాత్రమే తెరిచి పట్టే వి ఆకారపు బల్ల.

ఫిబ్రవరి, మొదటి వారం: ఒకటా రెండా

కాగితం మీద మొదట రాసుకున్నది పెద్ద సెన్సారుండే 45 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ కెమెరా ఒకటి. పత్రికల లెక్కకు అది బాగా కుదురుతుంది: పొడవు వైపు 8192 పిక్సెళ్లు, మార్జినుతో కలిపి 24 అంగుళాలు అనుకుంటే 341 పీపీఐ. అదే చిన్న సెన్సారుండే 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్‌సీ కెమెరా అయితే 6000 పిక్సెళ్లే, 250 దగ్గర ఆగిపోతుంది.

ఆ నిర్ణయం మారడానికి కారణం పుస్తకాలు. పాత బైండింగు 100 డిగ్రీలకు మించి తెరవకూడదు. అలా తెరిచినప్పుడు ఒక కెమెరా ఒక్క పేజీకే నిటారుగా చూడగలదు. ఒకే కెమెరా ఉంటే ముందు కుడి పేజీలన్నీ, పుస్తకం తిప్పి పెట్టి తర్వాత ఎడమ పేజీలన్నీ తీయాలి. అంటే ప్రతి ఆకునూ రెండుసార్లు తిప్పాలి. 300 పేజీల పుస్తకంలో 150 ఆకులు, 300 తిప్పుళ్లు. పెళుసు కాగితానికి డిజిటైజేషన్‌లో జరిగే నష్టంలో చాలావరకు ఆకు తిప్పేటప్పుడే జరుగుతుంది, దాన్ని సగానికి తగ్గించేదే మంచి పరికరం. రెండు వరసలను తర్వాత కలిపేటప్పుడు ఒక్క పేజీ తప్పినా అక్కడినుంచి పుస్తకమంతా జారిపోతుంది, అదో తలనొప్పి.

అందుకని ఒక 45 వద్దు, రెండు 24లు. ఒకే మోడలు, ఒకే లెన్సు. పుస్తకం పేజీకి 24 మెగాపిక్సెళ్లు ధారాళం: కెమెరా చూసే చట్రం 12 × 8 అంగుళాలు పెడితే సరిగ్గా 500 పీపీఐ వస్తుంది, 8.5 × 5.5 పేజీ చుట్టూ స్కేలుకు, రంగుల పట్టీకి చోటు ఉంటుంది. పత్రికలను రెండు ముక్కలుగా తీస్తాం. 300 పీపీఐ దగ్గర చట్రం 20 × 13.3 అంగుళాలు; రెండు షాట్లు కలిపితే 26.6 అంగుళాలు, పేజీ పొడవు 22. అంచు మార్జిన్లు పోగా మూడున్నర అంగుళాలు ఒకదాని మీద ఒకటి పడతాయి, అతకడానికి అది చాలు. 375 పీపీఐకి ఆశపడి చట్రాన్ని 16 అంగుళాలకు కుదిస్తే ఒక్కో షాట్ 10.7 అంగుళాలే అందుకుంటుంది, రెండిట్లో పేజీ పట్టదు, మూడు కావాలి. షాట్ పెరిగితే పేజీని జరపడం కూడా పెరుగుతుంది. 300 దగ్గరే ఆగాం.

కోఠి గుజరాతీ గల్లీలో వాడిన కెమెరాలు కూడా దొరుకుతాయి. వాడిన బాడీ కొనేవాళ్లు షట్టర్ కౌంటు (ఇప్పటిదాకా తీసిన ఫోటోల లెక్క), సెన్సారు మీద మచ్చలు చూడాలి. తెల్ల కాగితాన్ని లెన్సు రంధ్రం చిన్నదయ్యే ఎఫ్/16 దగ్గర ఫోకసు తప్పించి తీస్తే సెన్సారు మీది దుమ్ము నల్లచుక్కలుగా బయటపడుతుంది. మా పనికి ఇంకా రెండు ఉండితీరాలి: కంప్యూటరు నుంచి కేబులుతో షట్టరు నొక్కగలగడం, బ్యాటరీ బదులు కరెంటుతో నడిపే డమ్మీ బ్యాటరీ అడాప్టరు. ఈ రెండూ లేని మంచి కెమెరాలు చాలా ఉన్నాయి.

ఫిబ్రవరి, మూడో వారం: లెన్సు

బాడీతో వచ్చే 18–55 జూమ్ లెన్సును నిలువు స్తంభానికి వేలాడదీస్తే తన బరువుకే మెల్లగా జారుతుంది. మొదటి పేజీకి, యాభయ్యో పేజీకి పీపీఐ తేడా వస్తుంది, పట్టుకోవడం కష్టం. పైగా అంచుల్లో గీతలు వంగుతాయి. 50 మి.మీ. మాక్రో తీసుకున్నాం, దగ్గరి వస్తువును మూలల దాకా చదునుగా చూడటానికే అది తయారవుతుంది.

దూరం లెక్క: సెన్సారు వెడల్పు 23.5 మి.మీ., చట్రం 305 మి.మీ. నిష్పత్తి 0.077. లెన్సు నుంచి పేజీకి దూరం 50 × (1 + 1/0.077), సుమారు 70 సెం.మీ. పత్రికల 20 అంగుళాల చట్రానికి ఇదే లెక్క 113 సెం.మీ. ఇస్తుంది. స్తంభం ఎత్తు ఈ రెండో అంకెను బట్టి కట్టించాలి. ఇది ముందే లెక్కేయకుండా స్టాండు కొన్నవాళ్లు తర్వాత కెమెరాను నిచ్చెనకు కట్టుకున్న ఉదాహరణలు ఉన్నాయి.

అపర్చరు ఎఫ్/8. అక్కడ, 500 పీపీఐ దగ్గర పదునుగా ఉండే లోతు సుమారు 23 మి.మీ. ఎఫ్/5.6లో అది 16కు తగ్గుతుంది. ఎఫ్/16కు పోతే లోతు పెరిగినా కాంతి వంపు వల్ల బొమ్మంతా మెత్తబడుతుంది. 3.9 మైక్రాన్ల పిక్సెలుకు ఎఫ్/8 దాటకుండా ఉండటం మేలు.

పదును కొలవడానికి లేజర్ ప్రింటరులో తీసిన చార్టు పనికిరాదు, ఆ ప్రింటే మన కెమెరా కన్నా మొరటు. కొత్త బ్లేడు అంచును తెల్ల కాగితం మీద 5 డిగ్రీలు వాల్చి నడుమ, నాలుగు మూలల్లో పెట్టి తీశాం. ఎంటీఎఫ్ మ్యాపర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఆ అంచు ఎంత మెత్తగా ఉందో చూసి అంకె చెప్తుంది. ఒక లెన్సు కుడి పై మూలలో తక్కువ చూపించింది. లెన్సు లోపమా, వంకరగా బిగించామా తేల్చడానికి కెమెరాను 180 డిగ్రీలు తిప్పి మళ్లీ తీశాం. మెత్తదనం కెమెరాతోపాటు తిరగకుండా బల్ల మీద అదే చోట నిలిచింది. అంటే వంకర మన బిగింపుదే.

మార్చి, మొదటి వారం: స్తంభం, అద్దం, బల్ల

బిగింపు సరిచేయడానికి వాటర్ లెవెల్ చాలదు. పేజీ పెట్టే చోట ముఖం చూసుకునే చదునైన అద్దం ఉంచి, కెమెరా లైవ్ వ్యూలో చూడాలి. తెర నడిమధ్యలో లెన్సు తన ప్రతిబింబాన్ని తాను చూసుకుంటుంటే సెన్సారు, పేజీ సమాంతరం. పక్కకు ఉంటే బోల్టు కింద వాషరు వేసి సర్దాలి. పది నిమిషాల పని, ప్రతి సోమవారం చేస్తాం.

స్తంభం వెల్డింగ్ షాపులో 50 మి.మీ. స్క్వేర్ పైపుతో చేయించినది, గోడకు రెండు చోట్ల బోల్టు వేసి బిగించాం, నల్ల మ్యాట్ రంగు పూశాం. మా షట్టరు వేగం సెకనులో పదో వంతు, అంత సేపట్లో చిన్న కదలిక కూడా పేజీ మీద పడుతుంది. ఒకే పేజీని 20 సార్లు తీసి పోల్చితే నాలుగింట్లో అక్షరం ఒకే దిక్కుకు సాగింది. కారణం సీలింగ్ ఫ్యాను. ఫ్యాను ఆపితే పోయింది. ఫ్యాను వల్ల పెళుసు ఆకు కూడా లేస్తుంది కాబట్టి ఎలాగూ ఆపాల్సిందే. అందుకే వేళలు మార్చాం: పొద్దున 7 నుంచి 11 వరకు. మే నెలలో 44 డిగ్రీలు దాటే ఊరు ఇది, మధ్యాహ్నం ఫ్యాను లేకుండా మనిషి నిలవలేడు, కెమెరా సెన్సారు కూడా వేడెక్కి బొమ్మలో నలుసు పెంచుతుంది. షాట్‌కు షాట్‌కు మధ్య లైవ్ వ్యూ ఆపేయడం అలవాటు చేసుకోవాలి.

వి బల్లను వడ్లాయన 18 మి.మీ. ప్లైవుడ్‌తో చేశాడు. రెండు రెక్కల మధ్య కోణం 100 డిగ్రీలు, ఒక్కో రెక్క నేలకు 40 డిగ్రీల వాలు. రెక్కలు పక్కకు జరిగేలా ఉండాలి, లేకపోతే మందం పుస్తకం వీపు నడిమి సందులో కూర్చోదు. 2009లో డేనియల్ రీట్జ్ ఇంట్లో చేసుకునే బుక్ స్కానర్ నమూనాను అందరికీ తెరిచి పెట్టాక ఇలాంటివి ఎన్నో రకాలు వచ్చాయి. మా బల్ల సూత్రం ఇది. అద్దం కదలదు, పుస్తకమే కింది నుంచి లేచి అద్దానికి ఆనుతుంది.

ఇది ఎందుకు ముఖ్యమో చెప్పాలి. 4 సెం.మీ. మందం పుస్తకాన్ని మామూలుగా బల్ల మీద పెట్టి తీస్తే మొదటి పేజీకి చివరి పేజీకి 4 సెం.మీ. ఎత్తు తేడా. పదునుగా ఉండే లోతు 23 మి.మీ., అంటే సగం పుస్తకం దగ్గరకు వచ్చేసరికి ఫోకసు పోయింది. 70 సెం.మీ.లో 4 సెం.మీ. అంటే పీపీఐ కూడా దాదాపు 6 శాతం మారుతుంది. అద్దం స్థిరంగా ఉంటే ప్రతి పేజీ ఒకే తలానికి వస్తుంది, ఫోకసు రింగుకు టేపు వేసి మరిచిపోవచ్చు.

అద్దం 4 మి.మీ., 30 × 40 సెం.మీ. రెండు పలకలు. ఒక్కోటి 1.2 కిలోలు, ఆ బరువు ఫ్రేము మోస్తుంది, పుస్తకం కాదు. బల్లను పైకి లేపే తాడుకు అవతల ఇనుప దిమ్మె వేలాడదీసి, పేజీ మీద పడే ఒత్తిడి 200 గ్రాముల దగ్గర ఉండేలా సర్దాం. వంటింటి డిజిటల్ త్రాసును పుస్తకం స్థానంలో పెట్టి చూసుకోవచ్చు. మామూలు అద్దంలో ఇనుము వల్ల పచ్చదనం ఉంటుంది, ఇనుము తక్కువుండే ఎక్స్‌ట్రా క్లియర్ రకం అడిగి తీసుకోవాలి. రెండు పలకలు కలిసే అంచును 50 డిగ్రీలకు ఏటవాలుగా అరగదీయించాలి. అలా చేయకపోతే అద్దం మందమే పేజీ లోపలి మార్జినును కప్పేస్తుంది. మొదటి జత అరగదీతలో పెచ్చులూడింది. ఆ గరుకు అంచు కాగితాన్ని గీరుతుంది, పక్కన పెట్టేశాం. రెండో జతకు అంచు నున్నగా పాలిష్ చేయించాం.

అద్దం బదులు తేలికైన యాక్రిలిక్ వాడదామన్న సలహా వచ్చింది. తుడిచిన ప్రతిసారీ దానికి స్థిరవిద్యుత్తు పుడుతుంది. పొడిగా రాలుతున్న కాగితం మీద పెట్టి ఎత్తితే రేణువులు, ఒక్కోసారి అక్షరం ఉన్న ముక్కే దానికి అంటుకుని పైకి లేస్తుంది. పెళుసు సరుకుకు యాక్రిలిక్ వద్దు.

ఇంకో సంగతి: ఫోకసు అద్దం పెట్టాకే చేయాలి. 4 మి.మీ. అద్దం లోంచి చూస్తే పేజీ 1.4 మి.మీ. దగ్గరికి జరిగినట్టు కనబడుతుంది. రంగుల ప్రొఫైలు (కెమెరా రంగులను సరిదిద్దే ఫైలు) కూడా అద్దం లోంచి తీసినదే కావాలి.

మార్చి, మూడో వారం: వెలుగు

పాత హాలోజన్ దీపాలు వేడి, వద్దు. రెండు ఎల్‌ఈడీ ప్యానెళ్లు, 5000 కెల్విన్, సీఆర్‌ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95కు పైన. సీఆర్‌ఐ తక్కువైతే మొదట దెబ్బతినేది ఎరుపు. పాత రిజిస్టర్లలో ఎర్రసిరాతో పెట్టిన గుర్తులు గోధుమరంగు కాగితంలో కలిసిపోతాయి.

మొదటి రోజు బొమ్మల్లో అడ్డంగా లేత చారలు. షట్టరు సెకనులో 125వ వంతు, ఎలక్ట్రానిక్ షట్టరు. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకు 100 సార్లు వెలుగు తగ్గి పెరుగుతుంది, సెన్సారు వరస వరసగా చదువుతుంది కాబట్టి ఆ ఎగుడుదిగుడు చారలుగా పడుతుంది. ప్యానెల్‌కు ఉన్న డిమ్మరు తిప్పి వెలుగు తగ్గించడం కూడా ఇందుకు తోడైంది, కొన్ని డిమ్మర్లు దీపాన్ని వేగంగా ఆర్పి వెలిగిస్తూ తగ్గిస్తాయి. డిమ్మరు పూర్తిగా పెంచి దీపాన్ని దూరం జరిపాం, షట్టరు పదో వంతుకు తెచ్చాం. పది మినుకులు ఒకే ఫోటోలో కలిసిపోయి చారలు మాయమయ్యాయి. పేజీ దగ్గర వెలుగు 1500 లక్స్, ఐఎస్ఓ 100, ఎఫ్/8.

ఇంత వెలుగు పాత కాగితానికి హాని కాదా? హాని వెలుగునూ సమయాన్నీ గుణించి లెక్కించాలి. 1500 లక్స్ కింద పేజీ 40 సెకన్లు ఉంటే 17 లక్స్-గంటలు. ప్రదర్శనలో 50 లక్స్ కింద ఒక్కరోజు 8 గంటలు ఉంచితే 400. అయినా పని ఆగినప్పుడు పుస్తకం మీద నల్లగుడ్డ కప్పడం తప్పనిసరి.

వెలుగు సమంగా ఉందో లేదో తెలియాలంటే బూడిదరంగు కార్డును తొమ్మిది చోట్ల కొలవాలి. వి బల్లలో పేజీ బయటి అంచు దీపానికి దగ్గర, వీపు వైపు అంచు దూరం. 60 సెం.మీ. ఎత్తున దీపం ఉన్నప్పుడు వీపు దగ్గర స్పష్టంగా చీకటి. ఎత్తు 120కి పెంచితే తేడా చాలా తగ్గింది, మిగిలినది ఖాళీ బూడిద కార్డు ఫోటోతో సాఫ్ట్‌వేరులో సరిచేస్తాం. పత్రికల చదును బల్లకు మాత్రం రెండు వైపుల నుంచి 45 డిగ్రీలు; ఒక్కో దీపాన్ని నడిమికి కాకుండా అవతలి అంచుకు గురిపెడితే దగ్గరి అంచు మండిపోదు.

అద్దంలో తెల్లటి మరక కనిపిస్తే అది దీపం కాదు, తెల్ల సున్నం వేసిన పైకప్పు, లేదా మీ చొక్కా. లెన్సు చుట్టూ రంధ్రం ఉన్న నల్లగుడ్డ వేలాడదీశాం, పని చేసేవాళ్లు ముదురు రంగు బట్టలు వేసుకోవాలని రాసిపెట్టాం.

కరెంటు సంగతి. చతురస్రపు తరంగం ఇచ్చే చవక ఇన్వర్టరు మీద ఎల్‌ఈడీ డ్రైవరు గుయ్యిమంటుంది, వెలుగు నిలకడగా ఉండదు. ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టరు పెట్టాం. కరెంటు పోయి వచ్చాక మొదటి పేజీతోపాటు రంగుల పట్టీ మళ్లీ తీయాలి.

ఏప్రిల్, మొదటి వారం: రెండు కెమెరాలు ఒకేలా చూడాలి

ఆటో వైట్‌బ్యాలెన్స్ ఆపేయాలి. కాగితం పసుపు కూడా ఆ పుస్తకపు సమాచారమే. ఆటోలో వదిలితే ఒక్కో పేజీని ఒక్కో రకంగా తెల్లబరుస్తుంది. 24 రంగుల గళ్ల కార్డుతో ఒక్కో కెమెరాకు విడిగా ప్రొఫైలు చేశాం. ఒకే మోడలైనా రెండిటి మధ్య బూడిద గళ్లలో కంటికి తెలిసేంత తేడా ఉంది, ప్రొఫైలు వేశాక కలిసింది.

పేర్ల దగ్గర అందరూ తప్పు చేస్తారు. వి బల్లలో ఎడమ పేజీకి నిటారుగా చూసే కెమెరా కుడివైపున ఉంటుంది. ‘ఎడమ కెమెరా’ అని పేరు పెడితే ఒకరు కెమెరా చోటు అనుకుంటారు, ఒకరు పేజీ అనుకుంటారు. కెమెరాల మీద ‘సరి’, ‘బేసి’ అని రాసి అతికించాం. సరి సంఖ్య పేజీలు ఎడమవైపు వస్తాయి కాబట్టి గొడవ లేదు. ఉర్దూ రిజిస్టర్లు కుడి నుంచి తెరుచుకుంటాయి, వాటికి ఈ రెండు స్టిక్కర్లు తారుమారు, పేరు పెట్టే స్క్రిప్టు కూడా తారుమారు. కెమెరా సొంత నంబర్లు 9999 తర్వాత మళ్లీ మొదటికి వస్తాయి, వాటిని నమ్ముకోకూడదు. డిజిక్యామ్ కంట్రోల్ అనే సాఫ్ట్‌వేరు రెండు కెమెరాలనూ ఒకేసారి నడుపుతుంది, ఫైలు పేరు కంప్యూటరే పెడుతుంది.

నిల్వ: 24 మెగాపిక్సెళ్ల పూర్తి టిఫ్ 72 ఎంబీ. పేజీ మేరకు కత్తిరించి 9 × 6 అంగుళాలు ఉంచితే 40 ఎంబీ, 300 పేజీల పుస్తకానికి 12 జీబీ. కత్తిరించని రా ఫైళ్లు వేరుగా ఉంచుతున్నాం. కాపీ చేసిన వెంటనే ఫైలు చెడితే పట్టిచ్చే ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ తీసి, రెండు డిస్కులు ఇక్కడ, ఒకటి వేరే భవనంలో.

ఏప్రిల్, మూడో వారం: తాటాకు

కట్టలకు బల్లలు, అద్దాలు ఏవీ పనికిరావు. ముడుచుకున్న ఆకును అద్దంతో అదిమితే పొడవునా చీలుతుంది. నల్ల మ్యాట్ గుడ్డ మీద పెట్టి, పైనా కిందా చిన్న గుడ్డ సంచులు ఆనించి తీస్తాం. సంచుల్లో సైకిల్ బేరింగ్ గుండ్లు నింపి కుట్టించాం. బియ్యం, గింజలు నింపొద్దు, పురుగు వస్తుంది.

600 పీపీఐకి చట్రం 10 అంగుళాలు, 25.4 సెం.మీ. 42 సెం.మీ. ఆకుకు రెండు షాట్లు, నడుమ 8 సెం.మీ. పైగా ఒకదాని మీద ఒకటి. దూరం 59 సెం.మీ.

గంటంతో గీసి మసి పట్టించిన అక్షరం మామూలు వెలుగులోనే చదవగలం. మసి పోయి గాటు మాత్రమే మిగిలిన ఆకులకు ఒకే దీపాన్ని 10–15 డిగ్రీల ఏటవాలులో పక్కనుంచి పెడితే గాట్లలో నీడ పడి అక్షరం లేస్తుంది. ఆకు పీచుగీతలు కూడా లేస్తాయి, అందుకని ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి తీయాలి. రెండిట్లోనూ ఉన్నదే గంటం గీత. ఇక ఆకే నల్లబడి, మసి అందులో కలిసిపోయినవాటికి ఇన్‌ఫ్రారెడ్ కావాలి. ఆ కిరణాలకు నల్లబడిన ఆకు లేతగా కనిపిస్తుంది, మసి నల్లగానే నిలుస్తుంది. మన తెల్ల ఎల్‌ఈడీలో ఇన్‌ఫ్రారెడ్ ఉండదు. సీసీ కెమెరాల షాపుల్లో దొరికే 850 నానోమీటర్ల ఇల్యూమినేటరు రెండు కొన్నాం, సెన్సారు ముందు ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టరు తీయించిన పాత బాడీ ఒకటి దీనికే కేటాయించాం. ఇన్‌ఫ్రారెడ్‌లో ఫోకసు చోటు మారుతుంది, తెరమీద చూసి మళ్లీ పట్టాలి.

ఏప్రిల్, నాలుగో వారం: చుక్క పరీక్ష

మొదటి పుస్తకం 212 పేజీలు. తీసిన రోజే పదో పేజీకొకటి చొప్పున నూరు శాతం సైజులో తెరిచి, అందులో ‘ఠ’ గాని ‘థ’ గాని వెతికి చుక్కను చూశాం. 140 దాటాక సరి వైపు పేజీల్లో చుక్క సున్నకు అంటుకోవడం మొదలైంది, బేసి వైపు బాగానే ఉంది. అద్దం స్థిరంగా ఉంటే ఫోకసు మారకూడదు. చూస్తే పుస్తకం రెండో సగానికి వచ్చేసరికి ఎడమ దొంతర బరువెక్కి, ఆ రెక్క కొద్దిగా కుంగి, పేజీ అద్దానికి పూర్తిగా ఆనడం లేదు. వీపు దగ్గర 20 మి.మీ. దాకా సందు ఉంది. దిమ్మె బరువు పెంచితే మొదటి సగంలో ఒత్తిడి ఎక్కువవుతుంది. నడిమి సందును పుస్తకంతోపాటు జరపడమే సరైన మందు: ప్రతి 40 పేజీలకు రెక్కలను 4 మి.మీ. ఎడమకు. రెక్క అంచున 4 మి.మీ.కొక గీత గీసి అంకెలు వేశాం. 140 నుంచి 212 వరకు సరి పేజీలు మళ్లీ తీశాం, చుక్క విడివడింది.

పత్రికల్లో బాగా రాలుతున్న ఒక సంపుటాన్ని ఇంకా ముట్టలేదు. దానికి అద్దం వాడం. అంచుల్ని 5 మి.మీ. పాలిస్టర్ పట్టీలతో ఆపి, కింద గట్టి అట్ట పెట్టి, అట్టనే జరుపుతూ రెండు షాట్లు తీయాలి. అట్ట తిన్నగా జరగడానికి అల్యూమినియం పట్టాలు కావాలి, కర్టెన్ ఛానెల్ ముక్కలతో ఒక నమూనా చేస్తున్నాం. ఉర్దూ రిజిస్టర్లు ఆ తర్వాతి వారం. స్క్రిప్టులో సరి, బేసి మార్చి పది పేజీల ఖాళీ నోటుబుక్కు మీద ముందు పరీక్షించాలి.